చుక్కమ్మ కొండ మీదే ఉంది

దర్శిలో, కోల్డ్ స్టోరేజీ యజమాని అద్దె లేకుండా ఇచ్చిన మేడగది. పాములు, కప్పల నేస్తాల సంఘం ఆ ఉదయమే మొదలు కావాలి. గదిలో ఇద్దరే ఉన్నారు: హైస్కూలు సైన్సు మాస్టారు శరత్‌చంద్ర, సంఘంలో మొదటి సభ్యురాలు రచన.

"ఆ చివర కాస్త పైకి పట్టుకో రచనా. కప్ప బొమ్మ దగ్గర బ్యానరు ముడత పడింది."

"ముడత సంగతి తర్వాత సార్. నేను అడిగినదానికి చెప్పండి."

"చెప్పాగా. తాబేళ్ళని పొదిలి కొండ మీద వదిలాం, ఫారెస్టు వాళ్ళ ఎదురుగానే. ఫొటోలు గ్రూపులో పెట్టాను."

"అన్నీనా?"

"ఊళ్ళో ఇళ్ళల్లోంచి తెచ్చినవన్నీ. తాడు ఇలా ఇవ్వు."

"మా చుక్కమ్మ?"

"తాబేళ్ళన్నీ అన్నాక మీదీ ఉంటుందిగా."

"నిన్న లక్ష్మీనరసింహం గారింటికి వెళ్ళాను. గది ఇచ్చినాయన, మనిషి వెళ్ళి పిలిస్తే మర్యాదగా ఉంటుందని మీరే పంపారు."

"అవును. వస్తానన్నారా?"

"ఆయన లేరు. వాళ్ళావిడ లోపలికి తీసుకెళ్ళి దేవుడి గది ముందు ఇత్తడి గంగాళం చూపించింది. నిండా నీళ్ళు, నీళ్ళల్లో తాబేలు, డిప్ప మీద పసుపూ కుంకుమా. ఇది మెట్టమీద తిరిగేదండీ, నీళ్ళల్లో ఉంచితే చచ్చిపోతుందన్నాను. ఆవిడ నవ్వింది, తాబేలుకి నీళ్ళు పడకపోవడమేంటని. అదొచ్చిన దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీలో ఒక్క గదీ ఖాళీ లేదంట. లక్ష్మి నడిచొచ్చిందంట."

"పెద్దవాళ్ళకి నమ్మకాలుంటాయి. మెల్లగా చెప్పి మార్చాలి. సంఘం అందుకేగా."

"అది చుక్కమ్మే సార్."

"చుక్కల తాబేళ్ళన్నీ ఒకేలా ఉంటాయి."

"ఏ రెండిటికీ చుక్కలు ఒకేలా ఉండవని మీరే చెప్పారు. మన వేలిముద్రల్లాగా అన్నారు."

"ఆఁ, మరీ దగ్గరగా చూస్తే."

"దగ్గరగానే చూశాను. తోక పక్కన గులాబీ రంగు నెయిల్ పాలిష్, మా పాప పూసింది. కిరసనాయిలుతో తుడుస్తానంటే పాపం దాని డిప్ప మండుతుంది, వద్దన్నారు మీరు."

"నీ మొహం అదోలా ఉంది. పొద్దున ఏమన్నా తిన్నావా? టీ చెప్పనా?"

"నాకేం వద్దు. నేను ఇల్లిల్లూ తిరిగాను సార్. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందని అత్తగార్ల కాలం నుంచి పెట్టుకున్నవాళ్ళు. కోటేశ్వరమ్మ పిన్ని నా మొహానే అంది, టెన్త్ కూడా గట్టెక్కనిదానివి నువ్వా మాకు చెప్పేదని. ఒట్టి మాటలకి ఎవరిస్తారు? అందుకే ముందు మాది ఇచ్చాను. పాప గుండెలకి కరుచుకుని ఏడుస్తుంటే, వేళ్ళు విడదీసి, అందరి ముందూ మీ అట్టపెట్టెలో పెట్టాను. అది చూశాకే పిన్ని ఇచ్చింది. పక్కింటి సిద్దికా కూడా ఇచ్చింది."

"నువ్వు లేకపోతే ఈ సంఘమే లేదు. ఇవాళ అందరి ముందూ చెప్తాను."

"అందరి ముందూ వద్దు, నాకు చెప్పండి. ఇప్పటికీ పాప పడుకునే ముందు అడుగుతుంది, చుక్కమ్మ కొండ మీద ఏం తిందమ్మా అని. నాగజెముడు పండ్లు తిందని చెప్తాను. వానొస్తే బండ కింద దూరిందని చెప్తాను. అది గోడవైపు తిరిగి ఊఁ కొడుతుంది. ఆ కథ అబద్ధమైందంటే దానికేం చెప్పను? కాసేపట్లో ఆ ఆడవాళ్ళంతా వస్తారు, లక్ష్మీనరసింహం గారి భార్యా వస్తుంది. మా ఇంట్లో లక్ష్మి చూశారా అని ఆవిడ అందంటే, రచన మా తాబేళ్ళు తీసుకెళ్ళి షావుకార్లకి పంచిందనరూ?"

"మిగతావన్నీ కొండ మీదే ఉన్నాయి. ఒట్టు."

"మిగతావన్నీ."

"అదే, అన్నీ."

"మిగతావన్నీ అన్నారు సార్."

"నోరు జారింది."

"కల్లంలో పట్టా ఎత్తితే మా పాప ఉయ్యాల కింద పాము కనపడ్డ రోజు గుర్తుందా? మా వాళ్ళంతా కర్రలు పట్టుకుంటే మీరొచ్చి, జెర్రిపోతు, మిరపకాయల్లో చేరే ఎలకల కోసం వచ్చిందని చేత్తో పట్టుకెళ్ళారు. అంతకుముందు తాడు చూసినా నాకు గుండె దడ. ఆ రోజు నుంచీ మీరేం చెప్తే అది నమ్మాను. ఈ గది కోసం ఇచ్చారా మా చుక్కమ్మని?"

"లేదు. ఆ మాట మాత్రం అనకు. ఆయనకి ఇచ్చింది నేను కాదు."

"పెట్టె మీ చేతిలో పెట్టాను. మీరివ్వకపోతే ఆవిడ చెప్పినట్టు అదే నడిచెళ్ళిందా?"

"ఈ పూటకి వదిలెయ్ రచనా. మీటింగు అయ్యాక నేనే ఆయనతో మాట్లాడి వెనక్కి తెస్తాను."

"ఎవరిచ్చారు?"

"మీ టిక్కీలు ఎక్కడున్నాయి ఇప్పుడు?"

"మిర్చి టిక్కీలా? ఇప్పుడు ఆ బస్తాల ఊసెందుకు?"

"ఎక్కడున్నాయమ్మా?"

"లక్ష్మీనరసింహం గారి కోల్డ్ స్టోరేజీలో. రేటు పడిపోయి, చోటు దొరక్క, ఊరంతా కల్లాల్లో పట్టాలు కప్పుకుని కూర్చుంటే మాకొక్కళ్ళకే దొరికింది. మా ఆయన ఆయన చుట్టూ తిరిగీ తిరిగీ..."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"నేనేమీ అనలేదు."

"మా ఆయన మీదకి నెడుతున్నారా? చుక్కమ్మని పెట్టెలో పెట్టిన రోజు పాప ఏడుపు నా వల్ల కాకపోతే ఆయనే ఐస్‌క్రీము కొనిపెడతానని బండెక్కించుకుని వెళ్ళాడు. తిరిగొచ్చాక అది మళ్ళీ ఏడవలేదు. నన్నూ ఒక్క మాట అనలేదు ఆయన, మంచి పని చేశావన్నాడు. ఇప్పుడు కూడా ఇంట్లో పాపకి కప్ప వేషం వేస్తున్నాడు, ఇక్కడ గెంతడానికి."

"ఐస్‌క్రీముకి కాదు. మా ఇంటికొచ్చాడు."

"ఎందుకు?"

"పిల్ల అన్నం ముట్టడం లేదు మాస్టారూ, ఈ ఒక్క రాత్రికీ తాబేలు ఇవ్వండి, తెల్లారగానే తెచ్చిస్తానన్నాడు. తెల్లారింది, ఫారెస్టు వాళ్ళొచ్చారు, మీ ఆయన రాలేదు. ఫోన్ చేస్తే చేలో ఉన్నానన్నాడు. తర్వాత ఈ గది తాళాలు లక్ష్మీనరసింహం గారు మీ ఆయన చేతే పంపారు. తాబేలు ఎక్కడికెళ్ళిందో అప్పుడర్థమైంది."

"అర్థమయ్యి?"

"తాళాలు తీసుకున్నాను."

"నాకొక్క మాట చెప్పలేదు."

"నా మూలంగా మీ ఇంట్లో గొడవెందుకని."

"గది పోతుందని."

"అదీ ఉంది."

"ఇల్లిల్లూ తిరిగింది నేను సార్. పెట్టెలో పెట్టింది నేను. ఆయనొచ్చి అడిగితే మాత్రం, నాకు చెప్పకుండా ఎలా ఇచ్చారు?"

"నేను ఆయన్ని చూసి ఇవ్వలేదమ్మా. పాపని చూసి ఇచ్చాను."

"పాపనా?"

"బండి ముందు కూర్చుని ఉంది. తాబేలుని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెడితే గట్టిగా పట్టుకుంది. ఇంటికే వెళ్తున్నారనుకున్నాను."

"మా ఇంటికి రాలేదు. అక్కణ్ణించి ఎక్కడికీ ఆగకుండా వాళ్ళింటికే వెళ్ళుంటారు."

"అయ్యుంటుంది."

"గంగాళంలో వేసేటప్పుడు పక్కనే ఉండుంటుంది."

"చిన్నపిల్ల, మర్చిపోయుంటుందిలే."

"మరి రోజూ నన్నెందుకు అడుగుతోంది సార్, చుక్కమ్మ కొండ మీద ఏం తిందమ్మా అని?"