వంతెన కింద మిస్ ఎర్లీన్

(తుఫాను తీరం తాకబోయే మధ్యాహ్నం. లూసియానా తీరంలో కాలువ మీద ఎత్తుడు వంతెన. పైన కాంక్రీటు గదిలో, దాన్ని ఎత్తి దించే ఎర్లీన్. కింద రొయ్యల పడవలో ఆమె తండ్రి క్లోవిస్. ఇద్దరి మధ్యా రేడియో.)

"కుదరదంటే కుదరదు నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి."

"కాస్తంత లేపు తల్లీ. నేను దూరిపోతాను, నువ్వు దించెయ్."

"పైన బళ్ళు కనబడటం లేదా నీకు?"

"కనబడుతున్నాయి. కాసేపాగితే అరిగిపోతారా?"

"ఈ గాలికి లేపితే మళ్ళీ దిగుతుందని నమ్మకమేంటి? ఇరుక్కుందంటే ఇవాళ ఖాళీ చేసి వస్తున్న బి జోన్ ఊళ్ళవాళ్ళంతా అవతలే. వాళ్ళకి ఇంకో దారి లేదు."

"మరి నాది ఏ జోనో?"

"ఎ జోన్. మీ ఊరిని నిన్న పొద్దున్నే ఖాళీ చెయ్యమన్నారు. పడవలన్నీ నిన్ననే వరసగా దాటాయి. ఒక్కొక్కదానికీ లేపాను. మనది వస్తుందేమోనని చివరిదాకా చూశాను."

"బెల్టు తెగింది."

"ఏ బెల్టు?"

"ఇంజను బెల్టే. నా ప్యాంటు బెల్టు తెగితే పడవ ఆగుతుందా?"

"నిన్న తెగింది ఇవాళ మధ్యాహ్నం దాకా తెగే ఉందా?"

"దొరకొద్దూ. కొట్లవాళ్ళంతా తలుపులకి చెక్కలు కొట్టేసుకుని పోయారు."

"అబద్ధం. మొండికేసి ఉండిపోదామనుకున్నావు. పోలీసాయన మార్కరు పెన్ను ఇచ్చి, పోనివాళ్ళు చేతిమీద పేరు రాసుకోండి, శవం దొరికితే పోల్చుకుంటాం అన్నాడంటగా."

"అన్నాడు. పడవ మీద పేరుంది, అది చాలన్నాను."

"పడవ మీదున్నది నా పేరు."

"అదే. కబురు ఎవరికి పెట్టాలో తెలుస్తుందని."

"ఇప్పుడా వేళాకోళాలు... నాన్నా? నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాను. కెరటం ఎత్తి మీ స్తంభం మీదకి తోసింది. పక్క పలక ఒకటి పగిలింది."

"వల కొయ్యలు మడిచి కిందనుంచి దూరలేవా?"

"మడిచే ఉన్నాయి. నీళ్ళు పెరిగిపోయాయి. నడి కొయ్య వంతెనకి మనిషెత్తు మేర తగులుతుంది. నీ పేరు పెట్టుకున్న పడవకే దారివ్వవన్నమాట."

"నా పేరు పెట్టమని నేనడిగానా? అప్పటికి నాకు పళ్ళే రాలేదు."

"వచ్చాక కరవడం మాత్రం నేర్చుకున్నావు. సరే గానీ, నీతో చదివిన సెలెస్తీన్ వాళ్ళు దాటారా?"

"దాటారు."

"వాళ్ళ డొక్కు కారులోనే?"

"అది వంతెన మీదకొచ్చి ఆగిపోయింది. పక్కకి తోసేశాం. వాళ్ళమ్మ ఆక్సిజన్ సిలిండరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పాపం."

"మరెట్లా వెళ్ళారు?"

"ఎలాగో వెళ్ళారు."

"ఎలాగో అంటే?"

"ఎవరో ఎక్కించారు నాన్నా. దాందేముందిప్పుడు."

"ఏం లేదు. నువ్వు దేంట్లో పోతావు మరి?"

"నా కారులో. ఇంకా దేంట్లో పోతాను."

"ట్యాంకు నిండా ఉందా?"

"నిండుగా ఉంది. ముందురోజే నింపుకోమని ఊరందరికీ చెప్పేదాన్ని, నాకు తెలీదా?"

"తాగే నీళ్ళు?"

"డిక్కీలో ఉన్నాయి."

"సరే. నిండుగా ఉంటే సరే."

"నాన్నా, విను. దక్షిణం రోడ్డు మీద ఇంకా దీపాలు కనబడుతున్నాయి. నాలుగో అయిదో బళ్ళు. అవి దాటాక లేపుతాను."

"నిజంగా?"

"ఉద్యోగం పోతే పోతుంది. ఇంజను ఆపకు. స్తంభానికి ఎడంగా ఉండు."

"నా తల్లే. పొద్దున్నించీ చెప్పేది అదే కదా."

"పొద్దున్నించీ ఎక్కడ, ఇందాకే వచ్చావు. అదిగో, ఒకటి దాటింది. ఇంకోటి. వ్యాను వెనక పడవ కట్టుకొస్తున్నాడెవడో, మెల్లిగా..."

"అరవద్దు వాణ్ణి. రానీ."

"ఇంకొక్కటే. వస్తోంది. వచ్చేసింది. దాటింది నాన్నా. ఇక రోడ్డంతా ఖాళీయే. లేపుతున్నాను, నువ్వు... అయ్యో."

"ఏమైంది?"

"దీపాలు పోయాయి."

"ఎక్కడివి?"

"అన్నీ. కరెంటు పోయింది. మీటలన్నీ చచ్చిపడున్నాయి."

"జనరేటరు?"

"మునిగిపోతుందని నిన్ననే ఊళ్ళోకి పట్టుకుపోయారు."

"చేత్తో తిప్పేది ఉండాలిగా."

"ఉంది. నలుగురు మగాళ్ళు పట్టాలి దానికి. తిప్పుతున్నాను, చూడు, తిప్పుతూనే ఉన్నాను, జరగటం లేదు..."

"వదిలెయ్ తల్లీ. నడుం పట్టేస్తుంది. వదిలెయ్."

"నాన్నా, పైకొచ్చెయ్. స్తంభానికి ఇనప నిచ్చెనుంది. పడవ వదిలేసి వచ్చెయ్."

"దాని మీద అప్పు తీరి ఆరు నెలలు కాలేదు."

"నీకు దణ్ణం పెడతాను. ఆ నీళ్ళలో ఎంతసేపుంటావు? కారు కిందే ఉంది. ఇద్దరం పోదాం. రెండు గంటల్లో పొడినేల మీదుంటాం."

"కిందే ఉందా కారు?"

"ఉంది."

"నా ఐసు పెట్టె పడుతుందా అందులో?"

"పడుతుంది. వెనక సీటు ఖాళీయే."

"నీలం కారేగా. అటువైపు పెట్టావా, ఇటువైపా?"

"అటువైపు. నీకు కనబడదు. రా నాన్నా."

"సరే. వస్తున్నా. పెట్టె తాడుకి కడతాను, పైకి లాగు."

"పడవని స్తంభానికి కట్టి రా. ఉంటే ఉంటుంది."

"కట్టకూడదు. కడితే రాత్రంతా నీ గది కాళ్ళనే గుద్దుతుంది. వదిలేస్తున్నాను."

"నాన్నా..."

"పొమ్మన్నాను. అటు చూడకు నువ్వు."

(రేడియో ఆగింది. కొంతసేపటికి గది తలుపు.)

"తలుపు ముయ్యి, ముయ్యి. గడియ వెయ్యి. తడిసి ముద్దయిపోయావు. చెయ్యి చూపించు, రక్తం."

"నిచ్చెన గీరుకుంది. కూర్చో."

"నాన్నా, నీకొకటి చెప్పాలి. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి."

"ముందు ఆ పెట్టె తెరువు. నీళ్ళున్నాయి. బిస్కట్లు, టార్చీ, గొడ్డలి. గదిలోకి నీళ్ళొస్తే కప్పు కొట్టుకుని పైకెక్కాలి. నడుంకి కట్టుకునే తాళ్ళు రెండు. ఆ మార్కరు కూడా ఉంది, అవసరమైతే."

"గొడ్డలా? కారులో పోయేవాడివి గొడ్డలెందుకు తెచ్చావు?"

"కారులో ఎవరు పోతున్నారు?"

"నీకు తెలుసా?"

"సెలెస్తీన్ ఫోను చేసింది. నీ కారు నడుపుతూ, ఏడుస్తూ. నిన్ను తీసుకుపోడానికి పోలీసు బండొస్తుందని చెప్పావంట. ఉత్తరం రోడ్డు మునుగుతోంది, పోయేవాళ్ళని పోనిస్తున్నారు గానీ ఏ బండినీ వెనక్కి రానివ్వటం లేదు అని చెప్పింది."

"అయితే మొదట్నించీ తెలుసు. ముందే అడగొచ్చుగా?"

"అడిగాను. ట్యాంకు నిండా ఉందా అంటే నిండుగా ఉందన్నావు."

"కారు లేదని చెబితే నువ్వు పడవ దిగవనుకున్నాను. నా అబద్ధం నమ్మి దాన్ని వదిలేశావనుకుని, నువ్వు నిచ్చెనెక్కినంతసేపూ చచ్చిపోయాను. ఇదంతా ముందే తెలిస్తే వంతెన లేపమని అంత ప్రాణం తీశావెందుకు? పడవ కోసం కాకపోతే?"

"లేపితే నిన్ను కూడా ఎక్కించుకుని అటు పోదామని. ఆ బెల్టు తెగలేదు తల్లీ. పడవని ఇంటి వెనక కాలువలో చెట్లకి నాలుగు తాళ్ళు వేసి కట్టి, ఎవరొచ్చి చెప్పినా కదలకుండా కూర్చున్నాను. దాని కోసమే అయితే ఆ తాళ్ళు విప్పేవాణ్ణే కాదు."