బుల్లి ఛార్జర్

తిరువూరు బస్టాండు దగ్గర సెల్‌షాపులో సాయిప్రసన్న, ఆమె భర్త సతీష్‌కుమార్ ఛార్జర్లు చూస్తున్నారు. ఎల్లుండే సింగపూర్ ప్రయాణం. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి విమానం ఎక్కడం ఇదే మొదలు.

“ఇది తీసుకుందాం ప్రసన్నా. అరచేతిలో పడుతుంది, ల్యాప్‌టాప్‌కీ నీ ట్యాబ్‌కీ రెండింటికీ సరిపోతుంది. పిన్ను మారిస్తే ఇక్కడా పనికొస్తుంది, అక్కడా పనికొస్తుంది.”

“ల్యాప్‌టాప్ ఎందుకండీ? ఎరువుల కొట్టు మీ తమ్ముడికి అప్పజెప్పానన్నారుగా?”

“అప్పజెప్పాను. ఊరికే ఓసారి స్టాకు చూసుకుంటానంతే.”

“అరకులోనూ ఓసారే అన్నారు. ఆ ఫొటోల్లో నా పక్కన ఎవరున్నారో చూశారా? గెస్ట్‌హౌస్ వాచ్‌మన్!”

“పాపం, మంచివాడు.”

“మంచివాడే. జలపాతం కూడా ఆయనే చూపించాడు. ఇదిగో బాబూ, ట్యాబ్‌కి మాత్రమే సరిపోయే ఆ బుల్లిది ఇవ్వండి.”

“దాంతో ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఎక్కదే! నా పాత ఛార్జరేమో పాడైంది.”

“తెలిసే అడిగాను.”

సతీష్‌కుమార్ తన చేతిలోని ఛార్జర్‌ను బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. ప్రసన్న అతని చేతినే చూస్తోంది. ల్యాప్‌టాప్ ఇక్కడే వదలకపోతే ఈ మనిషి అక్కడ దాంట్లోంచి తలెత్తడని ఆమెకు తెలుసు.

“సరేనండీ, ఆ బుల్లిదే ఇవ్వండి,” అన్నాడతను చివరికి. తర్వాత భార్య వైపు వంగి గొంతు తగ్గించాడు. “మరి అన్ని రోజులు ఏం చేద్దాం?”

“మాట్లాడుకుందాం.”

“మాటలు అయిపోతే?”

“పోట్లాడుకుందాం. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.”