దాచిన పదకొండేళ్ళను వెలికితీసిన అగ్లాయా గారు

1987 అక్టోబరు ఒకటవ తేదీన సుచావా జిల్లాలోని మా పింఛను కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీమతి అగ్లాయా ప్రొదాన్ గారు, ముప్పై ఎనిమిది సంవత్సరాల నిరంతర సేవ అనంతరం ఈ సెప్టెంబరు ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. తొలి ఇరవై ఏళ్ళు ఆమెకు దస్త్రాల గదిలోనే గడిచాయి. రొమేనియా ఐరోపా సమాఖ్యలో చేరిన 2007లో, పరదేశాల్లో పనిచేసినవారి కోసం కొత్త కౌంటరు కిటికీ తెరిచారు. అక్కడ కూర్చోవడానికి తక్కినవారందరూ తలో సాకు చెప్పగా, ఆమె నిఘంటువు కొనుక్కుని, ఇటాలియన్ నేర్చుకుని మరీ కూర్చున్నారు.

ఆగస్టులో మరియమాత పండుగకు ఇటలీ నుంచి మనవాళ్ళంతా ఊళ్ళకు దిగుతారు; ఆ కిటికీ ముందు వరుస వీధి మలుపు దాకా సాగుతుంది. నిరుడు ఆ వరుసలో పరాస్కీవా అనే అరవై ఏడేళ్ళ ఆమె వచ్చింది. ఇటలీలో పద్నాలుగేళ్ళు ముసలివాళ్ళకు సేవ చేసింది. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండలేదని అక్కడ పింఛను దరఖాస్తు తిప్పికొట్టారు. నడుము సహకరించకపోయినా, మళ్ళీ ఎవరినో మంచం మీంచి లేపి కూర్చోబెట్టే పనికి ఇటలీ వెళ్ళే ఆదివారం బస్సుకి టికెట్టు కొనుక్కుంది.

“ఇక్కడేం పని చెయ్యలేదా అక్కా?” అని అగ్లాయా గారు అడిగారు.

“ఎందుకు చెయ్యలేదూ! సమష్టి వ్యవసాయ క్షేత్రం కొట్టంలో పదకొండేళ్ళు పాలు పితికాను.”

“మరి ఇటలీ దరఖాస్తులో వేరే దేశంలో పనిచెయ్యలేదని రాశావేం?”

పరాస్కీవా గొంతు తగ్గించింది. “ఇక్కడ కూడా పింఛను వస్తుందని తెలిస్తే వాళ్ళు అక్కడిది కోసేస్తారటగా! మా బస్సులో అందరూ అదే అంటారు.”

“బస్సులో వాళ్ళకి పింఛను శాఖ ఎవరిచ్చారే తల్లీ! చూడు, రెండిళ్ళ ఆవుల్ని మేపావు. ఏ ఇంటి పాలు ఆ ఇల్లే పోస్తుంది. ఒక ఇంటి సంగతి దాస్తే రెండో ఇంటివాళ్ళూ చెంబు బోర్లిస్తారు.”

“అంటే, ఏళ్ళు కలుస్తాయా?”

“అర్హత చూసేటప్పుడు కలుస్తాయి. డబ్బు మాత్రం ఎవరి ఏళ్ళకి వాళ్ళే ఇస్తారు.”

“మరి టికెట్టో?”

“మీ బస్సు పండితుల్లో ఎవరికో ఒకరికి ఇచ్చెయ్.”

అయితే ఆ క్షేత్రం రద్దయి మూడు దశాబ్దాలు దాటింది. దాని హాజరు పట్టీలు గ్రామ కార్యాలయపు అటక మీద ఎలుకల మధ్య పడున్నాయి. అగ్లాయా గారు తన సెలవులో రెండు రోజులు వెచ్చించి, పుట పుటా తిరగేసి, ఆ పదకొండేళ్ళనూ వెలికితీశారు. నెత్తిన దుమ్ముతో తిరిగొచ్చిన ఆమెను చూసి పెద్ద గుమాస్తా, “పిండిమరకి వెళ్ళొచ్చావా ఏంటమ్మా?” అన్నారు.

“అవునండీ. పదకొండేళ్ళు ఆడించుకొచ్చాను.”

ఈ వసంతంలో రెండు దేశాల నుంచీ మంజూరు ఉత్తరాలు అందాయి. పరాస్కీవా వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక, “ఇంక నేను బస్సెక్కనమ్మా,” అని మాత్రం అంది. అగ్లాయా గారు కళ్ళజోడు తుడుచుకుని, “తరవాత ఎవరు?” అని కేకేశారు.

ఎందరో అలసిన నడుములకు విశ్రాంతిని సంపాదించిపెట్టిన ఆ చేతులకు ఇకమీదట తీరికా, ఆ దేహానికి ఆరోగ్యమూ సమృద్ధిగా లభించుగాక. మనిషి ఉన్నంతకాలం పింఛను దస్త్రం తెరిచే ఉంటుంది; ఆమె దస్త్రాన్ని మూసే పని, నేడు ఈ కార్యాలయంలో ఉన్న మాలో ఏ ఒక్కరి ఉద్యోగకాలంలోనూ రాకుండుగాక.