ట్రాము లోపల

పెత్రోగ్రాద్‌లో రష్యా చక్రవర్తి జారు గద్దె దిగి వారమైంది. ట్రాములో కిటికీ పక్క బెంచీ మీద ఒక సిపాయి, బట్టలుతికి బతికే అతని భార్య కూర్చున్నారు.

"నిజంగా లోపలే కూర్చున్నావా అయ్యా?"

"గిల్లి చూడు. అబ్బా! అంత గట్టిగానా?"

"మన పెళ్లినాడు నేను లోపల, నువ్వు బయట మెట్టు మీద. సిపాయిలు లోపల కూర్చోకూడదన్నారు."

"కిటికీ అద్దంలోంచి చూసుకుంటూనే ఇంటికెళ్లాం. చలికి నా మీసం గడ్డకట్టింది."

"తెల్లారేదాకా కరగలేదు!"

"నవ్వకే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. అదిగో, జనరల్‌గారు చోటు లేక నిలబడ్డారు."

"లేచి చోటివ్వనా? కాళ్లు వాటంతటవే లేస్తున్నాయే."

"లేచావంటే విరగ్గొడతా. కూర్చో!"

"కూర్చున్నా, కూర్చున్నా."

"స్టేషన్ వచ్చింది."

"రానీ."

"నాలుగింటికి నీ రైలు, ఇంకో పావుగంటే ఉంది. జారు పోయాడు గానీ యుద్ధం పోలేదు కదయ్యా."

"పోలేదు."

"ఎక్కకపోతే పారిపోయావంటారు. కాల్చేస్తారు."

"మూడేళ్లు నన్ను నిలబెట్టారు. ఇవాళ రైలును నిలబడమను."

"అది నిలబడదు."

"తెలుసు. నువ్వు దిగమంటే దిగుతా."

"ఉండు, నీ కాలరు సరిచేయనీ."

"చెప్పవే, తలుపేసేస్తున్నారు."

"కండక్టరమ్మా! ఇంకో చుట్టుకి నాకో టికెట్టివ్వు. ఈయనకి అక్కర్లేదు. సిపాయిలకిప్పుడు ఊరికేనటగా!"

"ఓసి పిచ్చిదానా."

"ఊఁ, జరుగు. నీ భుజం మీద తల పెట్టుకోవాలి. ఇన్నాళ్లూ అద్దానికే ఆనించాను."