అమ్మోరడిగిన కుంకుడు రసం

బోడెమ్మని ఒకర్తుందంట. మొగుడు పోయేడు, పిల్లలిద్దరు, ఊరి సివర కాస్త వంగసేను. దానికి కూడూ గుడ్డా అన్నీ అదే అనుకో. ఆ యేడు ఏటైందంటే, ఏ కాయ కోసినా లోపల పురుగే. సంతకి అట్టుకెల్తే కొనీవోలు కాయ ఇరిసి సూసి, "ఏటే బోడెమ్మా, కూరతోటి మాంసం కూడా ఇస్తన్నావా?" అని నవ్వీవోరంట. ఇంకో కోత ఇలాగే పోతే పిల్లలకి గెంజి కూడా లేదు. అప్పుడిదేం సేసిందంటే, అమ్మోరి గుడి ముందు ఏపసెట్టుంది కదా, దాని కింద రాలిన పళ్లు గంపకెత్తుకొచ్చింది. గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రల్లా నీళ్లలో నానేసింది. పొద్దున్న పిండితే పాలలాగ తెల్లగా వచ్చిందంట. కంపా, అంతా ఇంతా కాదు, కుక్క కూడా వాకిలి దిగిపోయింది! అందులో కుంకుడు రసం కలిపి, పొద్దుగూకీయేళ సీపురుతోటి సేనంతా సల్లీది. వానొచ్చి కడిగేస్తే మళ్లీ సల్లీది. పురుగు మూతి తిప్పుకుని పక్కసేలోకి పోయిందంట. ఆ పక్కసేను ఎవలిదనుకున్నారు? అమ్మోరి పూజారి తవిటయ్యది!

తవిటయ్యకి మండిపోయింది. దంచడం, కలపడం సూసేడు గానీ, పాళ్లెంతో అడుగుదామంటే నామోషీ. ఇంతలో అమ్మోరి పండగొచ్చింది. డప్పు మోగడం, తవిటయ్యకి పూనకం రావడం ఒకటే. ఏపకొమ్మలు ఊపుకుంటా సరాసరి బోడెమ్మ మీదకొచ్చి, "ఒలే! నా సెట్టు పళ్లు రోట్లో దంచుతావా? ఇంకోపాలి ముట్టేవంటే నీ సేను తగలెట్టేస్తాను!" అన్నాడు. ఊరంతా సూస్తంది. అమ్మోరికి ఎదురెవలు సెప్తారు సెప్పండి? బోడెమ్మే ముందుకొచ్చి దణ్ణమెట్టి, "తప్పే తల్లీ. మరి యేటేటా నీకు వంకాయకూర వండెట్టీది ఈ సేను కాయలే కదా. పురుగుకాయలు తింటానను, ఇయాలే మానేస్తాను" అందంట.

అమ్మోరు ఆగిపోయింది. డప్పులోడూ ఆగిపోయేడు. ఏపకొమ్మలు కిందకి దిగేయి. అప్పుడు అమ్మోరు గొంతు తగ్గించి, "అయితే... ఆ కుంకుడు రసం ఎంతెయ్యాలే?" అందంట!

ఎనకాల్నించి తవిటయ్య పెళ్లాం, "ఓలమ్మో! అమ్మోరికి వంగసేనెప్పుడొచ్చిందే!" అని అరిసింది. జనం ఒకటే నవ్వు. బోడెమ్మ మాత్రం నవ్వలేదు, పాపం. "కడవకి పిడికెడు కాయల రసం, తల్లీ. ఎండలో సల్లకు, పనిసెయ్యదు" అంది.

మరుసటేడు గింజలేరడానికి బోడెమ్మకంటే ముందొచ్చి కూకునీవోడంట తవిటయ్య. అది పూనకం కాదు, దొంగేసం అంటారు ఊళ్లో. నాకైతే తెలీదు. నిజంగా అమ్మోరే వచ్చిందేమో. ఆయమ్మకి మాత్రం మంచి వంకాయ తినాలనుండదా ఏటి?