కిరసనాయిలు రాని వారం

మర్రిపాడు అవతల ఒక పల్లె, తొంభై ఏడు ఎండాకాలం. డేవిడ్‌రాజు చదివింది పదో క్లాసు, ఊరు పెట్టిన పేరు డాక్టరు. జ్వరమొస్తే అందరికీ ఆయన సూదే దిక్కు. ఎయిడ్స్ గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పే సుకుమారి, పొద్దున్నే ఆయన వసారా మెట్ల మీద నిలబడి ఉంది.

“రానంటే రాను సుకుమారీ. ఇంకో మాట మాట్లాడు.”

“ఇంకో మాట యాడుండాదన్నా? జయపాల్‌కి రెండు దినాలుగా గొంతులోకి నీళ్లు దిగల. ఒక్క సెలైన్ బాటిలు ఎక్కించు చాలు. శీనమ్మ ఒక్కతే మొగుడి తల ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాది.”

“ఆత్మకూరు ఆసుపత్రికి తీసకపొమ్మను.”

“ఎవరు ఎక్కించుకుంటారు? ఇన్నేళ్లు లారీ తోలినోడికి ఈ రోజు ఎక్కేదానికి బండి లేదు.”

“అయితే ప్రార్థన చెయ్యండి.”

“చేస్తానే ఉండాం. డాక్టరని పిలిపించుకునేటప్పుడు బాగుండాదా నీకు? చర్చిలో ఆయన పక్కనే గదన్నా నువ్వు కూర్చుండేది!”

“అప్పుడు తెలవదు గదమ్మే! బొంబాయి లైన్లో తిరిగి తిరిగి ఏం తెచ్చుకున్నాడో ఏమో. నాకు ఆడబిడ్డ ఉండాది, తొమ్మిదేళ్లది. మా జెస్సీని ఆ వీధి మొగమే చూడనియ్యను.”

“ముట్టుకుంటే రాదన్నా. ఒకే గ్లాసులో తాగినా రాదు. రోజూ నేనే ఆయన ఒళ్లు తుడిచి వస్తా ఉండా. నాకొచ్చిందా?”

“మరి ఎట్ట వస్తాదంట? మీ ట్రైనింగులో చెప్పినారా?”

“చెప్పినారు. ఆడామగా కలిస్తే వస్తాది. తల్లి నుంచి బిడ్డకు వస్తాది. ఆ జబ్బున్నోళ్ల రక్తం ఎక్కిస్తే వస్తాది. ఇంకా...”

“ఇంకా?”

“ఒకరికి పొడిచిన సూది ఉడకబెట్టకుండా ఇంకొకరికి పొడిస్తే వస్తాది.”

“ఓహో! తిరిగి తిరిగి నా కాడికే వచ్చిందా? నా పొట్ట కొట్టమాక తల్లీ. పన్నెండేళ్లుగా ఏస్తా ఉండా. గాజు సిరంజి, సూది, రెండూ స్టవ్వు మీద ఇరవై నిమిషాలు ఉడకాల్సిందే. ఎవర్నైనా అడుగు.”

“ఎప్పుడూ ఉడకబెడతావా?”

“ఎప్పుడూ.”

“ఆగన్నా, ఆగు. పోయిన నవంబర్లో ముసురు పట్టినప్పుడు, జయపాల్ చలిజొరంతో లారీ దిగొస్తే నువ్వే గదా సూదేసింది?”

“ఏసినా. అయితే?”

“ఆ వారం స్టోరుకు కిరసనాయిలు రాలా. ఉంటే కాస్త పొయ్యమని లోటా తీసుకోని నువ్వే మా ఇంటికి వచ్చినావు.”

“నేనా? వచ్చినానా?”

“వచ్చినావు. మా కాడా లేదన్నా. మరి సూది దేంతో ఉడకబెట్టినావన్నా?”

“స్పిరిట్టు... స్పిరిట్టు దూదితో తుడిచినా. గట్టిగా తుడిచినా సుకుమారీ.”

“తుడిస్తే చాలదంటన్నా.”

“యేసయ్యా! ఒక్క దినం. ఒక్క దినమే గదా! బయట వాన, వసారా నిండా జనం, ఒకటే మూలుగులు. పొమ్మని ఎట్టా చెప్పేది?”

“నీ మీద కేసు పెట్టేదానికి రాలా నేను. జయపాల్ తర్వాత ఎవరికేసినావో చెప్పు. వాళ్లను నెల్లూరుకు రక్తపరీక్షకు తీసకపోవాల.”

“గుర్తు లేదు.”

“పిచ్చయ్య తాతకా?”

“ఆయన ముందే ఏయించుకోని పొయినాడు.”

“కామమ్మకా?”

“ఆమె గూడా ముందే. అందరూ ముందే. కడాకు వచ్చింది జయపాలే. ఆయన్ను పంపించేసి వాకిలేసినా.”

“హమ్మయ్య! అయితే ఆయన తర్వాత ఎవరూ లేరు. నా గుండె జారిపోయిందన్నా, దేవుడికి స్తోత్రం. ఏందన్నా, అట్ట చూస్తా ఉండావ్?”

“వాకిలేసి లోపలికి పొయినా.”

“పోతే?”

“సిరంజి చేతిలోనే ఉండాది. మందు కొంచెం మిగిలుండాది. లోపల గూడా జొరమే.”

“లోపల ఎవరుండారన్నా?”

“పద. సెలైన్ బాటిలు నేనే ఎత్తుకొస్తా. జయపాల్‌కు ఎక్కిద్దాం, పద.”

“అన్నా, నిన్నే. లోపల ఎవరికేసినావు?”

“సుకుమారీ... నెల్లూరులో ఆ పరీక్ష తొమ్మిదేళ్ల పిల్లకు గూడా చేస్తారా?”