బ్లాకులు లేవన్న మాట దగ్గర ఆగిపోయాం

పెద్దలకూ, బంధువులకూ, నేను అక్కా అని పిలిచే మా తోటికోడలు కుట్టిన బట్టలే కట్టుకుని వచ్చిన ఇరుగుపొరుగు అక్కచెల్లెళ్లకూ నమస్కారం.

ఈ రోజు పదకొండో తేదీ, ఆదివారం. హాలు ఊడిపించాను, కుర్చీలు వేయించాను, మంచినీళ్లు పెట్టించాను, అక్క ఫొటో తుడిచాను. ఒక్క పనే మిగిలింది. ముందు వరసలో ఉన్న మా అత్తగారి కోసం పిలిచిన అంబులెన్సు ఇంకా రాలేదు. పెద్దకోడలి గురించి నాలుగు మాటలు వినందే కదలనని ఆవిడ మొండికేశారు. అందుకే మాట్లాడుతున్నాను. మధ్యమధ్య గుమ్మం వైపు చూస్తే ఏమీ అనుకోకండి.

అక్క జాకెట్టు కుట్టిందంటే పక్క కుట్టులో రెండు వేళ్ల గుడ్డ మడిచి వదిలేది. “రేపు ఒళ్లు చేస్తావే, అప్పుడు నన్నే తిట్టుకుంటావ్” అనేది. మనలో ఎంతమందిమి ఆ కుట్లు విప్పుకోలేదు? నవ్వండి, పర్వాలేదు. ఉంటే ముందు తనే నవ్వేది.

అత్తగారికీ తనకీ క్షణం పడేది కాదు. “చంక బిగించేశావ్, చెయ్యెత్తి దణ్ణం పెట్టడానిక్కూడా లేదు” అని ఈవిడ. “నాకు పెట్టమని ఎవరడిగారు?” అని అక్క. కానీ అత్తగారు ఇంకొకరు కుట్టిన జాకెట్టు ఎన్నడైనా వేసుకున్నారా?

పోయిన నెల, బావగారు వస్తున్న బస్సు బోల్తాపడిందని ఫోనొచ్చింది. మోచెయ్యి దోక్కుపోయి బావగారు ఇంటికి నడిచొచ్చారు. అప్పటికే అక్క గుండె పట్టుకుని మిషన్ మీదికి వాలిపోయింది.

ఆసుపత్రిలో చూసి రక్తనాళాల్లో బ్లాకులు లేవన్నారు. హమ్మయ్య అనుకున్నాం. డాక్టరమ్మ ఇంకా చెబుతూనే ఉంది. భయానికి ఒంట్లో ఒక్కసారిగా పొంగిన హార్మోన్లు గుండె కండరాన్నే దెబ్బతీశాయట. గుండె కొన బుడగలా ఉబ్బి, ముడుచుకోవడం మానేసిందట. చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది, కానీ ఈ మొదటి రోజుల్లో గుండె లయ తప్పితే ప్రమాదం, ఇక్కడే ఉండాలి అంది. ఎవరు విన్నాం? “భయపడినందుకే ఇంత హడావిడా? పెళ్లివారి బట్టలివ్వాలి” అని అక్క సంతకం పెట్టి వచ్చేసింది. మర్నాడు మిషన్ ముందే ఒరిగిపోయింది.

అత్తగారూ, ఇందాక ఫొటో చూసినప్పటి నుంచీ మీరు గుండె మీద చెయ్యి తీయలేదు. “ఏడ్చాను కదే, పట్టేసింది” అంటున్నారు. దిగులే కావచ్చు. దిగులు కాబట్టే నాకు భయంగా ఉంది. అది గుండెపోటో, అక్కకొచ్చినదో, ఉత్త నొప్పో ఇక్కడ ఎవరం చెప్పగలం?

అదిగో, వచ్చింది. మీరు లేవకండి అత్తగారూ, కుర్చీతోనే మోస్తారు. బావగారూ, ఆ పక్క పట్టుకోండి. ఈసారి డాక్టరమ్మ మాట ఆఖరిదాకా వింటాం. అక్కకు మనం పడ్డ బాకీ అదొక్కటే, ఇవాళ తీరుస్తున్నాం.

మిగిలినవాళ్లందరూ దయచేసి లేవండి. మధ్యలో మాకు దారి వదిలి, అక్క కోసం మౌనంగా నిలబడండి.